మధుపత్రి – ఒక పరిశీలన



తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము ఒక మొక్కను గూర్చి వ్యాసం వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. వృక్షశాస్త్రం బోధించే మిత్రులు మన కళాశాలలో వున్నారు గదా అని అడిగేవారూ వుంటారు. ఐతే తీపి అనే మాట భాషాధ్యాపకునికి కూడా చెందినదే. సంస్కృతంలోని ‘శర్కర’ ప్రాకృతంలో ‘సక్కర’ అయి, తెలుగున ‘చక్కెర’గా స్థిరపడినది. అదే మాట పారసీకానికి పోయి ‘షకర్’ అయినది, అరబ్బీకి పోయి ‘సుక్కర్’ అయినది, అక్కడినుండి ఐరోపాకు చేరి ఆంగ్లేయుల ‘షుగర్’ అయినది. నేడు మన పల్లెల్లో ‘ఆయనకు షుగరున్నది’ అంటే ఆ ఇంట్లో చక్కెర వున్నదని అర్థం కాదు, ఇక వుండరాదని అర్థం. మన దేశం నుండి బయలుదేరిన మాట లోకం చుట్టి రోగం పేరుతో తిరిగి వచ్చినది. ఉర్దూ విద్యార్థులకు మరొక ముచ్చట: మనం వాడే ‘మిస్రీ’ మిస్ర్ దేశం పేరు మీదుగా, ‘చీనీ’ చీనా దేశం పేరు మీదుగా వచ్చిన మాటలు. తెలుగువారి ‘కలకండ’లోని కండ సంస్కృతంలోని ‘ఖండ’మే; అది అరబ్బీలో ‘ఖంద్’గా నిలిచినది.

ఈ విషయం మీద మాకు ఆసక్తి కలగడానికి కారణం పుస్తకం కాదు, ఒక మధ్యాహ్నం. మా మేనమామగారికి చాలా ఏండ్లుగా చక్కెరవ్యాధి. కొన్నేండ్ల క్రిందట రంజాను నెలలో ఆయన ఉపవాసమున్నారు. ఆయన కోసం ఆ ఇంట్లో పంచదార, బెల్లం పూర్తిగా మానివేసి, మధుపత్రి పొడి తెచ్చిపెట్టుకొన్నారు. అసర్ నమాజు వేళకు మామూకు వొళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణకసాగినవి, మాట తడబడసాగినది. రక్తంలో చక్కెర పడిపోయినదని కోడలు సరిగానే గ్రహించినది. అనారోగ్యంలో ఉపవాసం విడవడానికి అనుమతి వున్నది గనుక పరుగున పోయి షర్బత్తు కలిపి తెచ్చి త్రాగించినది. గ్లాసుడు త్రాగినా వణకు తగ్గలేదు. రెండవ గ్లాసు ఇచ్చినా తగ్గలేదు. ప్రక్కింటివారు ఇంత బెల్లం ముక్క నీళ్లలో కరగించి ఇచ్చిన తరువాత పావుగంటకు ఆయన తేరుకొన్నారు. షర్బత్తు ఎందుకు పనిచేయలేదని కోడలు అడిగినది. అది తీపిగానే వున్నది గదా మరి! తీపి వేరు, చక్కెర వేరు అన్న సంగతి ఆనాడు ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పోగా తెలిసిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మధుపత్రి మన దేశపు మొక్క కాదు. దాని శాస్త్రీయ నామం స్టీవియా రెబాడియానా. చామంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. కొందరు దీనిని ‘తీపి తులసి’ అంటారుగాని తులసితో దీనికి చుట్టరికం లేదు. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశంలో అమంబాయ్ అనే కొండప్రాంతం దీని పుట్టినిల్లు. అక్కడి ఆదివాసులైన గురానీ జనులు తరతరాలుగా ‘మాతే’ అనే తమ తేనీటిలో తీపికోసం ఈ ఆకును వేసుకొనేవారు. స్విట్జర్లాండులో పుట్టి పరాగ్వేలో స్థిరపడిన మొయిసెస్ బెర్తోని అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1899లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఒవిడియో రెబాడి అనే పరాగ్వే రసాయనశాస్త్రజ్ఞుని పేరు మొక్క పేరులో చేరినది. 1931లో బ్రిడెల్, లావియెల్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆకులోని తీపి పదార్థాన్ని వేరుచేసి చూపారు. దానికి స్టీవియోసైడ్ అని పేరు. తరువాత అటువంటివే మరికొన్ని బయటపడినవి. వాటిలో రెబాడియోసైడ్-ఎ ముఖ్యమైనది. వీటన్నిటినీ కలిపి స్టీవియాల్ గ్లైకోసైడ్లు అంటారు. మొక్క పుట్టినది పరాగ్వేలోనైనా, 1970 దశకంలో దానిని వ్యాపారస్థాయికి తెచ్చినవారు జపానువారు.

శుద్ధిచేసిన ఈ పదార్థం పంచదార కంటె రెండు వందల నుండి మూడు వందల రెట్లు తీపి. ఎండుటాకు అంత తీపి కాదు. ఎండుటాకు బరువులో సుమారు పదోవంతు ఈ గ్లైకోసైడ్లు వుంటవి గనుక, గ్రాము ఎండుటాకు ఇరవై గ్రాముల పంచదారకు కొంచెం ఇటూఅటుగా సరితూగుతుందని లెక్కవేసుకోవచ్చును.

ఇక అసలు ప్రశ్నకు వత్తాము. నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకం ఒకటున్నది. దానిని తాళంకప్పగా ఊహించుకొంటే, పంచదార ఒక తాళంచెవి. మధుపత్రిలోని పదార్థం మరొక తాళంచెవి. రెండూ తాళం తీస్తవి, నాలుక రెంటినీ తీపి అనే చెబుతుంది. ఐతే కడుపులోకి దిగిన తరువాత ఆ రెంటి దారులు వేరు. పంచదార చిన్నప్రేవులలోనే విడిపోయి గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. మధుపత్రి గ్లైకోసైడ్లను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. అవి చెక్కుచెదరక పెద్దప్రేవులకు పోతవి. అక్కడి సూక్ష్మజీవులు వాటికి అంటివున్న గ్లూకోజును ఊడదీసి, అది తామే వాడుకొంటవి. మిగిలిన స్టీవియాల్ రక్తంలోకి పోయి, కాలేయంలో మార్పు చెంది, మూత్రం ద్వారా వెళ్లిపోతుంది. కావున రక్తంలో చక్కెర పెరగదు. శక్తి కూడా లెక్కకు రాదు. మామూ త్రాగిన రెండు గ్లాసుల షర్బత్తు నాలుకను మాత్రమే సంతోషపెట్టినది, రక్తానికి చేరవలసినది ఏమీ చేరలేదు.

చక్కెరవ్యాధికి మందులు వాడేవారి ఇంట్లో, మధుపత్రి ఎంత వున్నా, గ్లూకోజు పొడిగాని పంచదారగాని ఒక సీసాలో విడిగా వుండితీరాలి. చెమటలు, వణకు, తత్తరపాటు కనిపించినప్పుడు మనిషి మింగగలిగిన స్థితిలో వుంటే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ మూడు వాక్యాలు ఇంట్లో చదివి వినిపించవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు, ఆ వ్యాధి ముంగిట నిలిచినవారు మరి 13 కోట్లకు పైబడి వున్నారు. మా తరగతిలో ‘ఇంట్లో ఎవరికైనా చక్కెరవ్యాధి వున్నదా’ అని అడిగినప్పుడు లేవని చేతులను లెక్కించడమే తేలికైనది.

మధుపత్రి క్షేమకరమేనా అన్న ప్రశ్నకు చరిత్ర కొంత వంకరటింకరగా నడిచినది. 1968లో ఈ ఆకు కషాయం త్రాగిన ఆడ ఎలుకలకు సంతానం తగ్గినదని ఒక పరిశోధన వెలువడినది. 1985లో స్టీవియాల్ కొన్ని సూక్ష్మజీవుల జన్యువులలో మార్పు తెచ్చినదని మరొకటి వచ్చినది. 1991లో అమెరికా ప్రభుత్వం దీని దిగుమతిని అడ్డగించినది. 1995లో ఆహారంగా కాక ‘అనుబంధ పోషక పదార్థం’గా మాత్రం అమ్ముకోనిచ్చినది. అంటే అదే పొడిని అదే మనిషి తింటే నేరం లేదు, దానిని తీపి పదార్థమని సీసా మీద వ్రాస్తేనే నేరం! చట్టాలకు ఇటువంటి చమత్కారాలు అలవాటే. తరువాత జరిగిన విపులమైన పరీక్షలలో పై భయాలు నిలువలేదు. శుద్ధమైన స్టీవియోసైడ్‌ను హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువులకు ఇచ్చి చూడగా సంతానానికి హాని కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నెలకొల్పిన నిపుణుల సంఘం 2008లో దీనికి పరిమితి నిర్ణయించినది. అదే ఏట అమెరికావారు శుద్ధిచేసిన రెబాడియోసైడ్-ఎ విషయమై తమకు ఆక్షేపణ లేదన్నారు. ఐరోపా సమాఖ్య 2011లోను, మన భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2015లోను అనుమతించినవి.

ఐతే ఈ అనుమతులలో ఒక మెలిక కలదు. నిపుణుల సంఘం, అమెరికా, ఐరోపావారు చూచి సరేనన్నది నూటికి 95 పాళ్లకు తగ్గని శుద్ధత గల గ్లైకోసైడ్లను. పచ్చి ఆకును, ముతక కషాయాన్ని కాదు. ఆకులో ఇంకా అనేక పదార్థాలుంటవి, వాటిని అంత పట్టుదలగా ఎవరూ పరీక్షించలేదు. టీలో ఒకటి రెండు ఆకులు వేసుకొన్నంత మాత్రాన భయపడనక్కరలేదని మా అభిప్రాయం. గురానీలు తరాలుగా వాడినారు. కాని ‘ప్రకృతిసిద్ధం’ అన్న ముద్ర చూచి గుప్పెళ్లకొద్దీ కషాయం కాచుకొని త్రాగడం వేరు సంగతి.

పరిమితి ఎంత? శరీరం బరువు ప్రతి కిలోకు రోజుకు 4 మిల్లీగ్రాముల స్టీవియాల్‌కు సమానమైనంత. రెబాడియోసైడ్-ఎ లెక్కన చూస్తే కిలోకు సుమారు 12 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు 720 మిల్లీగ్రాములు. ఇది చాల తక్కువగా తోచవచ్చును. కాని రెండు వందల రెట్ల తీపి గనుక అది 144 గ్రాముల పంచదార తీపికి, అనగా దాదాపు 29 చెంచాలకు సమానం. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చొప్పున త్రాగే మన అధ్యాపకుల గది లెక్క ఎనిమిది చెంచాలే. ఆ ఎనిమిది చెంచాల పంచదారలో 160 కెలోరీలు వుంటవి, మధుపత్రిలో ఏమీ వుండవు. పిల్లల విషయంలో మాత్రం ఇంత వెసులుబాటు లేదు. పదిహేను కిలోల బిడ్డకు పరిమితి ఏడు చెంచాల తీపితో నిండిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో పాయసం వండినప్పుడు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక అంగడిలో దొరికే పొట్లాల సంగతి. మేము కలికిరిలోను మదనపల్లెలోను కొన్ని దుకాణాలు తిరిగి, పొట్లాల వెనుక చిన్న అక్షరాలు చదివి చూచాము. ముందువైపు పచ్చని ఆకు బొమ్మ, పెద్ద అక్షరాలతో స్టీవియా అని వుంటుంది. శుద్ధమైన పదార్థం చిటికెలో పదోవంతు చాలు గనుక, చెంచాతో కొలవడానికి అనువుగా మరేదైనా పొడి కలపక తప్పదు. ఆ కలిపేది ఏది అన్నదే ప్రశ్న. డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపితే అవి రక్తంలో చక్కెరను పెంచేవే. డెక్స్‌ట్రోజు అంటే గ్లూకోజే, పేరొక్కటే వేరు. ఎరిత్రిటాల్ కలిపితే చక్కెర పెరగదుగాని, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా వున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి ఎక్కువగా కనిపించినవని 2023లో ఒక అమెరికా పరిశోధన వెలువడినది. అది కారణమని ఇంకా తేలలేదు; తేలేదాకా అతిగా వాడకపోవడం తెలివి. పొట్లం మీద 960 అన్న అంకె వుంటే అది మధుపత్రి. 968 ఎరిత్రిటాల్. 951, 954, 955 అన్నవి ఆస్పర్టేము, సాకరిన్, సుక్రలోజు. ఈ అంకెలు చిన్న చీటీ మీద వ్రాసుకొని జేబులో వుంచుకొంటే దుకాణదారుని మాట మీద ఆధారపడవలసిన పని వుండదు.

వంటింటి విషయంలో మాకు స్వానుభవం కన్న ఇంట్లోవారి అనుభవం ఎక్కువ. టీకి, మజ్జిగకు, నిమ్మరసానికి, షీర్ ఖుర్మాకు మధుపత్రి బాగానే కుదురుతుంది. వేడికి చెడిపోదు. పాకం పట్టవలసిన చోట మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. తీగపాకం, ఉండపాకం అన్నవి తీపివల్ల వచ్చేవి కావు, చక్కెర పదార్థపు గుణంవల్ల వచ్చేవి. మన వైపు కజ్జాయాలనే అరిసెలు మధుపత్రితో చేయబూనిన ఇల్లాలికి మిగిలేది తీయని పిండి మాత్రమే. జర్దాకు మెరుపు రాదు, బెల్లపు వాసన రాదు, ఊరగాయను చెడకుండా నిలబెట్టే గుణమూ లేదు. నాలుక మీద చివరన కొంత చేదు మిగులుతుంది కూడా. దానికి కారణాన్ని 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు: ఈ పదార్థం తీపి తాళాన్ని తీయడమేగాక, చేదును గుర్తించే గ్రాహకాలలో రెండింటిని కూడా తట్టిలేపుతుందట. ఆకు ఎక్కువ వేస్తే తీపి పెరగక చేదే పెరగడం మేము చూచాము.

మన జిల్లా చెరకుకు, బెల్లానికి పేరుపడినది. గానుగ దగ్గర వేడి బెల్లం తిన్న బాల్యం మనలో చాలమందికి వున్నది. అందువల్లనే కాబోలు, ‘పంచదార విషం, బెల్లం మందు’ అన్న నమ్మకం ఇక్కడ గట్టిగా నాటుకొన్నది. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా వున్న మాట నిజమే. కాని దానిలో అధికభాగం పంచదారలో వున్న సుక్రోజే. మామూను ఆ మధ్యాహ్నం కాపాడినది అదే, రోజూ తింటే చెరిచేదీ అదే. తేనె కూడా ఇంతే. మధుమేహులు ‘నేను బెల్లం టీయే త్రాగుతాను’ అని చెప్పుకోవడం తమను తాము మోసగించుకోవడం.

తీపితో సంబంధం గల మరికొన్ని మొక్కలున్నవి. పొడపత్రి మీలో కొందరు ఎరుగుదురు. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకొంటే ఇసుక నమిలినట్లుంటుంది. మధుపత్రి తాళం తీసేది, పొడపత్రి తాళంకప్పను మూసివేసేది. ఆ మూత అరగంట, గంట వరకు వుంటుంది. గురివింద ఆకు కూడా తీయనిదే. గొంతు బాగుండాలని పాటగాండ్రు నమిలేవారు. ఐతే ఆ తీగకే కాచే ఎఱ్ఱని గింజలో అబ్రిన్ అనే దారుణ విషమున్నది. తూకానికి పనికివచ్చిన గింజ నోటికి పనికిరాదు. అతిమధురం సంగతి ఇంకా విచిత్రం. యునానీ వైద్యులు అస్లుస్సూస్ అనేది దీనినే. దానిలోని గ్లిసిరైజిన్ పంచదారకు సుమారు యాభై రెట్లు తీపి. మోతాదు మించి రోజుల తరబడి తింటే శరీరంలో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ మించరాదని ఐరోపా నిపుణులు చెప్పినారు. రక్తపోటున్నవారు దగ్గుకని అతిమధురపు కషాయం నెలల తరబడి త్రాగడం మన ఊళ్లలో అరుదు కాదు. మధుపత్రికి ఆ దోషం లేదు. మొక్కనుండి వచ్చినదన్నంత మాత్రాన ఏదీ మంచిది కాదు, చెడ్డదీ కాదు; ఒక్కొక్క దాన్ని విడిగా విచారించవలసినదే.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక మాట చెప్పినది. బరువు తగ్గాలన్న ఉద్దేశంతో ఇటువంటి కెలోరీలు లేని తీపి పదార్థాలను వాడవద్దన్నది. దీర్ఘకాలంలో బరువు తగ్గినట్లు సాక్ష్యం లేదన్నది. ఆ జాబితాలో మధుపత్రి కూడా వున్నది. ఇది విషమని చెప్పడం కాదు, ప్రయోజనం లేదని చెప్పడం. పైగా ఈ సలహా అదివరకే మధుమేహమున్నవారికి వర్తించదని కూడా వారే స్పష్టం చేసినారు. మా విద్యార్థులలో సన్నబడాలని మధుపత్రి టీ త్రాగుతూ ప్రక్కనే నాలుగు బిస్కట్లు తినేవారున్నారు గనుక ఈ మాట ఎత్తవలసివచ్చినది. అంతకన్న ప్రమాదకరమైనది ‘ఈ ఆకు షుగరును పోగొడుతుంది’ అన్న ప్రచారం. ఆకు చక్కెరను పెంచదు, అంతే. మాత్రలు, ఇన్సులిన్ చేసే పని అది చేయదు.

సాగు గూర్చి రైతుబిడ్డలు అడుగుతుంటారు. ఎఱ్ఱనేలలలో, నీరు నిలువని చోట, తేమ తప్పకుండా చూచుకొంటే పెరుగుతుంది. విత్తనాలు సరిగా మొలవవు, కొమ్మలు నాటడమే మేలు. పుట్టింటికంటె మనం భూమధ్యరేఖకు దగ్గర. వేసవిలోనూ మన పగళ్లు అంత పొడవు కావు. అందువల్ల ఇది ఇక్కడ త్వరగా పూతకు వస్తుంది. పూత వచ్చిన తరువాత ఆకులో తీపి తగ్గుతుంది గనుక మొగ్గలను తుంచివేస్తూ వుండాలి. పెరటిలో నాలుగు మొక్కలకు ఇది పెద్ద పని కాదు. ఎకరాలకు ఎకరాలు వేయదలచినవారు మాత్రం, ఆకు కొనేవారెవరో, ధర ఏమిటో వ్రాతపూర్వకంగా తేల్చుకోకుండా మొక్కలమ్మేవారి మాట నమ్మి దిగరాదు. టమాటా ధర ఎట్లా వుంటుందో ఎరిగిన మన మండలం రైతులకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. మన కలికిరిలోనే కృషి విజ్ఞాన కేంద్రమున్నది. మొదట అక్కడ అడగడం మంచిది.

ఈ ఆకు తీపిని లోకానికి చెప్పిన గురానీలకు దక్కినదేమిటి? జన్యు వనరుల లాభాలను పంచుకోవాలని 2010లో జపానులోని నగోయాలో ఒప్పందం కుదిరిన తరువాత వారు తమ వాటాను కోరుతూ వచ్చినారు. ఈలోగా కంపెనీలు మొక్కతోనే పనిలేకుండా, జన్యుమార్పిడి చేసిన ఈస్టుతో పులియబెట్టి అదే తీపి పదార్థాన్ని తయారుచేయడం నేర్చినవి. ఆకు బొమ్మ మాత్రం సీసా మీద అట్లాగే వున్నది.

మామూ ఇప్పుడు మాత్రలు సమయానికి వేసుకొంటున్నారు, రంజానుకు ముందే వైద్యుని సలహా అడుగుతున్నారు. టీలో రెండు మధుపత్రి ఆకులు వేయించుకొంటారు. వంటింటి అలమరలో గ్లూకోజు సీసా మీద కోడలు ఉర్దూలోను తెలుగులోను పెద్ద అక్షరాలతో పేరు వ్రాసి అంటించినది. మన కళాశాల ఆవరణలో నీళ్లతొట్టి ప్రక్కన మేము నాటిన మధుపత్రి మొక్కలు మూడున్నవి. వానలు మొదలైన తరువాత కొమ్మలు కోసి ఇవ్వగలము. కావలసిన విద్యార్థులు తెలుగు శాఖలో పేరు ఇవ్వవచ్చును.